చదరపు మీటరుకు ఎంత?

శ్రీలంక ఉత్తర ప్రాంతంలోని కిళినొచ్చిలో, మందుపాతరలు తొలగించే ఒక సంస్థకు నేను జమాఖర్చులు చూస్తున్నాను. మాది తమిళనాడు సరిహద్దున ఉన్న చిత్తూరు జిల్లా కావడంతో భాషతో ఇబ్బంది రాలేదు. కొత్తగా నేర్చుకోవలసి వచ్చిందల్లా, ఏ నేల ఏ దేశ ఖజానా డబ్బుతో శుభ్రమైందో విడివిడిగా లెక్క చూపించడం. 2009లో యుద్ధం ముగిశాక భారత ప్రభుత్వ ఖర్చుతో మన మాజీ సైనికుల బృందాలు కూడా ఇక్కడ మందుపాతరలు తీశాయి. అమెరికా, జపాన్, బ్రిటన్, నార్వే వంటి ప్రభుత్వాలు ఏళ్లుగా ఈ పనికి నిధులిస్తున్నాయి. ఒకరి డబ్బును మరొకరి పనికి వాడకూడదు కాబట్టి, ఒకే జీపు ఒకే రోజు రెండు క్షేత్రాలకు వెళ్తే డీజిలును కూడా రెండు పద్దులుగా విడగొట్టాలి.

దాతల ప్రతినిధులు ఎవరు వచ్చినా ముందుగా అడిగేది చదరపు మీటరుకు ఎంత ఖర్చవుతుందని. దానికి ఒక్క అంకెతో జవాబు చెప్పలేమని తెలియాలంటే, సైన్యానికీ తమిళ పులులకూ (ఎల్‌టీటీఈ) మధ్య ఏళ్ల తరబడి సరిహద్దుగా నిలిచిన ముహమాలై చూడాలి. ఇరుపక్షాలూ పాతిన పాతరలు అక్కడ ఒకే నేలలో ఉన్నాయి. పాకిస్తాన్‌లో తయారైన పీ-4 రకంలో లోహం బహు తక్కువ. చుట్టూ ఉన్న తూటాలకూ గుండు పెంకులకూ డిటెక్టర్ అడుగడుగునా మోగుతూనే ఉంటుంది. అందుకని చాలాచోట్ల తోటపనికి వాడే, సన్నని పళ్లున్న ‘రేక్’ అనే పనిముట్టునే వాడుతారు. ముఖానికి పారదర్శకమైన కవచం, ఒంటిపై బరువైన రక్షణ కోటు వేసుకున్న మనిషి నేలకు వంగి, మట్టిని కింది నుంచి కొద్దికొద్దిగా గీరి తన వైపు లాగుకుంటూ ముందుకు జరుగుతుంది. జరుగుతుంది అనే రాశాను, ఎందుకంటే ఈ పనిలో ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. యుద్ధంలో భర్తను పోగొట్టుకుని ఇంటిని ఒంటిచేత్తో నడుపుతున్నవారూ వారిలో ఉన్నారు.

క్షేత్రం దగ్గర అంబులెన్సు, వైద్య సహాయకుడు సిద్ధంగా లేకుంటే పని మొదలుపెట్టకూడదు. రోజంతా కదలకుండా నిలబడే ఆ బండికి ఇంత ఖర్చు ఎందుకని ఒక ఆడిటరు నన్ను అడిగారు. అది కదలకపోవడమే మేము కోరుకునేదని చెప్పాను, ఆయన నవ్వలేదు. 2022లో దేశంలో డీజిలు కరువైనప్పుడు, చేతిలో నిధులూ మనుషులూ ఉండి కూడా, అంబులెన్సుకు డీజిలు దొరికేదాకా పని ఆపిన రోజులున్నాయి. అదే ఏడాది మార్చి మొదట్లో సుమారు 200 ఉన్న డాలరు మే నాటికి 360 శ్రీలంక రూపాయలకు చేరింది. కాగితం మీద మా నిధి పెరిగినట్టే కనిపించింది గానీ, రూపాయల్లో జీతం తీసుకునేవారికి బియ్యం, పాలపొడి కొనడమే గగనమైంది. ఆ మిగులును జీతాలకు మళ్లించడానికి ప్రతి దాత నుంచీ వేరువేరుగా రాతపూర్వక అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. నా ఉద్యోగంలో నాకు నిజంగా తృప్తినిచ్చిన పని అదే.

2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు విదేశీ సాయాన్ని 90 రోజులపాటు నిలిపివేశారు. ఆ డబ్బుతో అనేక దేశాల్లో నడుస్తున్న మందుపాతరల పనీ ఆగింది. పని ఆపితే ఖర్చు ఆగిపోతుందని దూరాన ఉన్నవారు అనుకుంటారు. సగం తీసిన క్షేత్రానికి హద్దు కర్రలు నాటి, హెచ్చరిక పలకలు పెట్టి, సామగ్రి వెనక్కి తేవాలి. విరామం తర్వాత మళ్లీ దిగాలంటే మనుషులకు శిక్షణ పునశ్చరణ చేయించాలి. ఈ ఖర్చుతో ఒక్క చదరపు మీటరు నేల కూడా శుభ్రం కాదు.

మందుపాతరల నిషేధ ఒప్పందం ప్రకారం శ్రీలంకకు 2028 జూన్ 1 వరకే గడువుంది, కానీ మాకు వచ్చే నిధుల్లో ఎక్కువ భాగం ఏడాదికే. 2016లో లావోస్ రాజధాని వియంటియాన్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు ఒబామా, ఆ దేశంలో పేలకుండా మిగిలిన బాంబుల కోసం మూడేళ్లకు 9 కోట్ల డాలర్లు ప్రకటించారు. లావోస్ మీద అమెరికా వేసిన 20 లక్షల టన్నులకు పైగా బాంబులతో పోలిస్తే ఆ మొత్తం చిన్నదే అయినా, మూడేళ్లన్న మాటే నాకు విలువైనదిగా తోస్తుంది. ఇక్కడికీ అలాంటి హామీ ఇవ్వమని ప్రతి వార్షిక నివేదికలోనూ రాస్తున్నాను. బదులుగా మరుసటి ఏడాది బడ్జెట్ నింపవలసిన పత్రాలు వస్తున్నాయి.