తిరిగి రావాలన్న షరతు

చెవెనింగ్ స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూకి పిలుపు వచ్చిందని తెలిసినప్పటి నుంచి ఇంటికి వచ్చిన చుట్టాలంతా ఒకే మాట అడుగుతున్నారు. "చదువయ్యాక వెనక్కి వచ్చేయాలంట కదా పాపా, మరి పోయి ఏం లాభం?"

షరతు నిజమే. బ్రిటన్ ప్రభుత్వం 1983 నుంచి ఇస్తున్న స్కాలర్‌షిప్ ఇది. అక్కడ ఏడాది మాస్టర్స్ చదవడానికి ఫీజు, నెల ఖర్చులు, రానుపోను విమానం టికెట్లు, వీసా ఖర్చు వాళ్లే భరిస్తారు. కోర్సు అయ్యాక కనీసం రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. మా వైపు పిల్లలు లక్షల్లో అప్పు చేసి పోతారు, అక్కడే ఉద్యోగం చూసుకుని తీరుస్తారు. ఎవరైనా వెనక్కి వచ్చారంటే ఏదో జరిగిందనే అనుకుంటారు. అందుకే చుట్టాల మీద నాకు కోపం లేదు.

నేను అనంతపురం పల్లెల్లో భూగర్భ జలాల మీద పనిచేసే ఒక చిన్న సంస్థలో ఐదేళ్లుగా ఉన్నాను. నెలకోసారి రైతులతో కలిసి బోర్లలోకి టేపు దించి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలుస్తాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. రబీకి ముందు ఊరంతా ఒకచోట కూర్చుని, ఉన్న నీళ్లకు చెనిక్కాయ ఎన్ని ఎకరాలు వేయొచ్చో, వరి వేస్తే ఎవరి చీనీ చెట్లు ఎండుతాయో లెక్క వేసుకుంటాం. ఆ కూర్చోబెట్టడమే కష్టం. లెక్క సులువు.

ఈ స్కాలర్‌షిప్‌కు వయసు పరిమితి లేదు, ఇంటి ఆదాయం అడగరు. 2,800 గంటల పని అనుభవం మాత్రం ఉండాలి. మూడు కోర్సులు ఎంచుకోవాలి. నా మొదటి ఎంపిక న్యూకాజిల్‌లో హైడ్రోజియాలజీ, అంటే భూగర్భ జలాల శాస్త్రం. యూనివర్సిటీ సీటుకు మనమే విడిగా అప్లై చేసుకోవాలి. ఇది తెలియక చాలామంది ఆలస్యం చేస్తారు. రిఫరెన్స్ లెటర్లు రెండు కావాలి. ఇచ్చేవాళ్లను ముందే అడిగి పెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం నాలుగు వ్యాసాలు. నాయకత్వం, పరిచయాలు పెంచుకుని నిలుపుకోవడం, బ్రిటన్‌లోనే ఎందుకు చదవాలనుకుంటున్నారు, తర్వాత ఏం చేస్తారు. మొదటిసారి అప్లై చేసినప్పుడు నాలుగో వ్యాసంలో అంతర్జాతీయ సంస్థలు, వాతావరణ మార్పు, విధానాల రూపకల్పన అంటూ పెద్ద మాటలన్నీ రాశాను. ఇంటర్వ్యూకి పిలవలేదు. వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేకపోయాను. తర్వాత ఆ వ్యాసం తీసి మళ్లీ చదివాను. అందులో మా జిల్లా పేరు ఒక్కసారే ఉంది. వెనక్కి రావాల్సిన మనిషి రాసిన వ్యాసంలో, ఏ ఊరికి వస్తుందో, వచ్చి ఏం చేస్తుందో ఎక్కడా లేదు.

రెండోసారి అక్కడి నుంచే మొదలుపెట్టాను. చదివి వచ్చాక ఏ మండలంలో పని మొదలుపెడతాను, రాళ్ల పొరల్లో నీళ్లు ఎటు కదులుతాయో నాకు ఇప్పుడు ఎందుకు తెలియదు, అది తెలియక రైతులకు ఏ ప్రశ్న దగ్గర జవాబు చెప్పలేకపోతున్నాను, ఇవే రాశాను. నాయకత్వం వ్యాసానికి మాత్రం చాలా రాత్రులు పట్టింది. ప్రతి వాక్యం "చేశాం" అనే వచ్చేది. ఒక రైతు తన కొత్త బోరు లోతు ఎవరికీ చెప్పనన్నప్పుడు నాలుగు నెలలు ఆయన చీనీ తోటకు వెళ్లింది నేనే. ఇప్పుడు ఆ ఊళ్లో టేపు దించేది ఆయనే. అది "వెళ్లాను" అని రాస్తుంటే మా టీమ్‌కు అన్యాయం చేస్తున్నట్టు అనిపించేది. రాసి, వాళ్లకే చదివి వినిపించాను. ఉంచమన్నారు.

పంపే ముందు రోజు రాత్రి నాయనకు వ్యాసాలన్నీ తెలుగులో చెప్పాను. ఈ పనిలోకి ఎందుకు వచ్చానో చెప్పే చోట నాయన మా చేలో వేయించిన బోర్ల గురించి ఉంది. ఆయన కళ్లు మూసుకుని వింటూ, ఉన్నట్టుండి ఆపారు.

"ఏడోది 420 అడుగులు కాదు మ్మా. 460. 420 దగ్గర మట్టి తడిగా వచ్చింది. ఆశపడి ఇంకో 40 వేయించినా."

ఆ సంగతి ఆయన అంతకుముందు మాకెవరికీ చెప్పలేదు. ఆ 40 అడుగుల డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారని అమ్మ అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు.

420 కొట్టేసి 460 రాశాను. తడి మట్టి సంగతీ రాశాను. వచ్చే గురువారం ఇంటర్వ్యూ. వ్యాసాల్లో రాసినవాటి మీద ప్రశ్నలు అడుగుతారట. ఆ 40 అడుగుల గురించి అడిగితే బాగుండునని ఉంది.