కోపం దిగినా దిగని అనుమానం

మెసేజ్ చూశారు, జవాబివ్వలేదు. జరిగింది అంతవరకే. "కావాలనే పట్టించుకోలేదు" అన్నది మనం చేర్చుకున్నది.

ఇలా దురుద్దేశం అంటగట్టే అలవాటును, అంటే శత్రుభావాన్ని, కోపంతో కలిపేయకూడదు. 1992లో మనస్తత్వ శాస్త్రవేత్తలు బస్, పెర్రీ దూకుడును కొలవడానికి తయారుచేసిన 29 వాక్యాల ప్రశ్నావళిలోనూ కోపానికి 7, శత్రుభావానికి 8 వాక్యాలు విడివిడిగా ఉన్నాయి. కోపం ఒంట్లో తెలుస్తుంది: గుండె దడ, బిగిసిన దవడ. కాసేపటికి దిగుతుంది. శత్రుభావం ఆలోచన. ఒక్క అరుపు లేకుండా ఏళ్ల తరబడి ఉండిపోగలదు. అందుకే నెమ్మదస్తుల్లో దీన్ని ఎవరూ గుర్తించరు.

దానికి మేత వేసేది చాలాసార్లు దిగులే. కాసేపటి విచారం కాదు. 1993 నాటి ప్రయోగాల్లో విచారంలో ఉన్నవాళ్లు పరిస్థితులను, కోపంలో ఉన్నవాళ్లు మనుషులను తప్పుపట్టారు. ఎటొచ్చీ దిగులు రోజుల తరబడి సాగితే పాత అవమానాలే ముందు గుర్తొస్తాయి. వాటినే తలపోస్తుంటే "నేనంటే ఎవరికీ లెక్కలేదు" అన్న నమ్మకం గట్టిపడి, రాని జవాబు కూడా దానికి సాక్ష్యమైపోతుంది. మనం ముభావంగా ఉంటాం, వాళ్లూ దూరం జరుగుతారు, అనుమానం నిజమైనట్టే కనిపిస్తుంది.

కసి తీరా దిండును గుద్దితే పోతుందనుకోవడం పొరపాటు. 2002లో మనస్తత్వ శాస్త్రవేత్త బుష్‌మన్ ప్రయోగంలో, కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ సంచిని గుద్దినవాళ్ల కోపమే ఎక్కువగా ఉంది. ఊరికే కూర్చున్నవాళ్లది తక్కువ.

పనికొచ్చేది కాగితం. ఒళ్లు చల్లబడ్డాకే, అరగంట ఆగైనా సరే, మొదలుపెట్టండి. కెమెరాకు కనిపించేదే మొదట రాయండి. "అవమానించాడు" కెమెరాకు కనిపించదు, "తల తిప్పుకున్నాడు" కనిపిస్తుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. తర్వాత మీకు తోచిన అర్థం, దాన్ని నూటికి ఎంత నమ్ముతున్నారో రాయండి. ఆపై మరో మూడు కారణాలు. అవి తియ్యటివి కానక్కర్లేదు, నమ్మదగ్గవైతే చాలు. "నేనంటే ప్రాణం, తీరికలేదంతే" అని రాస్తే మనసు ఒప్పుకోదు. మళ్లీ అంకె వేయండి. 90 కాస్తా 60కి దిగినా చాలు, అడిగి తెలుసుకునే ఓపిక వస్తుంది.

నిజంగా హింసిస్తున్న మనిషి విషయంలో మాత్రం ఇది చేయొద్దు. అక్కడ మీ అనుమానం సరైనదే, కావలసింది రక్షణ.

రెండు వారాలు దాటినా దిగులు వీడకపోతే, నిద్రా ఆకలీ చెడితే, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చిరాకు గురించి కూడా చెప్పండి. అడగకపోతే చాలామంది అది చెప్పరు.