పాత బండి కదా, అంతే

పదకొండు దాటింది, పడుకోవాలి. కానీ ఒక మాట పొద్దున్నించి చెవి దగ్గర ఈగలా తిరుగుతోంది. రాసేస్తే వదులుతుందేమో.

"పాత బండి కదా మేడమ్, అంతే."

ఏమిటి అంతే? పాతది అన్నది రోగం పేరా?

గొడవ మా పాత కారుది. మూడు వారాలుగా ఇదే వరస. తాళం తిప్పితే టక్ టక్ టక్. సెల్ఫ్ తీసుకోదు. డ్యాష్‌బోర్డు లైట్లు ఒక్కసారిగా సన్నగిల్లి, తాళం వదలగానే మళ్ళీ వెలుగుతాయి. బుద్ధి పుట్టి స్టార్టయిన రోజున ఇంజన్ మిస్సింగ్, ఆగినచోటల్లా ఐడ్లింగ్ పైకీ కిందికీ ఊగడం. మొదటిసారి ఎదురింటాయన జంప్ కేబుల్ తెచ్చి, తన బండి బ్యాటరీ నుంచి మా బండికి కరెంటు తగిలించారు. వెంటనే అందుకుంది. జంప్‌తో స్టార్టయింది కాబట్టి బ్యాటరీయే పోయిందని అందరం ఒక్కమాట అనుకున్నాం. కొత్తది వేయించాను. రెండు రోజులు బాగానే తిరిగింది. మూడో రోజు మళ్ళీ టక్ టక్.

ఈ రోజు మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తాడు, ఒకసారి తాళం తిప్పాడు, సెల్ఫ్ మోటార్ మార్చాలన్నాడు. మోటారే పోయిందని ఎలా తెలిసింది అని అడిగాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను. అప్పుడు అన్నాడు ఆ మాట. మీటర్ పెట్టలేదు, వైరు పట్టుకుని చూడలేదు, కింద వంగలేదు. ఈయన పక్కనే నిలబడి తల ఊపారు, "ఇంకెన్నాళ్ళు లాగుతావు, అమ్మేద్దాం" అన్నారు. సెల్ఫ్ మోటార్ మార్చడం చిన్న పని కాదు. బ్యాటరీ విషయంలో ఒకసారి తప్పాక రెండోసారైనా కొలిచి చూడొద్దా? నాకు ఒళ్ళు మండింది. పని ఇప్పుడే వద్దని చెప్పి పంపించేశాను.

మధ్యాహ్నమంతా బాబాయే గుర్తొస్తూ ఉన్నాడు. వాళ్ళ బండి కార్బురేటర్‌ది. చలిలో చోక్ లాగకపోతే కదిలేది కాదు, ఎక్కువ లాగితే పెట్రోల్ నిండిపోయి కంపు కొట్టేది. నాకు లైసెన్స్ వచ్చిన కొత్తలో ఒక రాత్రి వానలో ఆగిపోయింది. స్టీరింగ్ దగ్గర నన్ను కూర్చోబెట్టి బాబాయ్, పిన్ని, అన్నయ్య వెనక నుంచి తోశారు. "తాళం ఆన్‌లో ఉంచు, రెండో గేరు, క్లచ్ తొక్కిపట్టు, నేను అరిచినప్పుడు టక్కున వదిలి మళ్ళీ తొక్కు!" మొదటిసారి భయంతో మెల్లగా వదిలాను. బండి వణికి ఆగిపోయింది. రెండోసారి వదిలి మళ్ళీ తొక్కడం మరిచాను. బండి ఎగిరి ఆగింది, వెనక బాబాయ్ మోకాలికి బంపరు తగిలింది. తిట్టలేదు. కిటికీ దగ్గరికొచ్చి, తల మీంచి నీళ్ళు కారుతుంటే, మొదటి గేరులో ఎందుకు వద్దో చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి గేరులో చక్రం ఇంజన్‌ని మరీ ఎక్కువ తిప్పాలని చూస్తుంది, టైరు జారిపోతుంది, రెండో గేరైతే ఆ కుదుపు తక్కువ. పిన్ని వెనక నుంచి "పాఠం రేపు చెప్పండి" అని అరుస్తోంది. మూడోసారి అందుకుంది. ఆపితే మళ్ళీ చస్తుందేమోనని ఆపకుండా వెళ్ళిపోయాను. అద్దంలో ముగ్గురూ తడుస్తూ చేతులూపుతున్నారు. చాలా దూరం వెళ్ళాక గానీ వెనక్కి తిరగడానికి ధైర్యం చాలలేదు.

ఆయన ఏ రోజూ "పాతది" అనలేదు. ఎక్కడ పాతబడిందో వెతికేవాడు.

సాయంత్రం మల్టీమీటర్ తీశాను. బ్యాటరీ 12.6 వోల్టులు, నిండుగానే ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి, ఈయన్ని బతిమాలి తాళం తిప్పమన్నాను. తిప్పుతున్నప్పుడు కూడా బ్యాటరీ మీద 11.9. అంటే బ్యాటరీ ఇస్తోంది, మధ్యలో ఎవరో తినేస్తున్నారు. మీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజన్ ఇనుము మీద పెట్టాను. మళ్ళీ తాళం. అక్కడ అర వోల్టు కూడా కనపడకూడదు. నాకు 3.4 కనపడింది.

ఎర్త్ వైరు! బ్యాటరీ మైనస్ నుంచి వచ్చి గేర్‌బాక్స్‌కి బిగించి ఉంటుంది చూడండి, అది.

ముందు మైనస్ టెర్మినల్ ఊడదీసి, తర్వాత దాన్ని విప్పాను. పైన నల్ల తొడుగు నున్నగా, కొత్తదానిలా ఉంది. చివర రింగు దగ్గర వంచితే కరకరమంది. తొడుగు చీల్చితే లోపల రాగి పచ్చటి పొడి అయిపోయి వేళ్ళకంటింది. ఎర్రగా మిగిలిన పోగులు కొన్నే.

ఇక్కడే నా కోపం కాస్త జారింది. ఎందుకంటే ఆదివారం ఈ వైరునే నేను మీటర్ బీప్ పెట్టి (వైరు తెగకపోతే మోగుతుంది) చూసి, బాగుందని వదిలేశాను. బీప్‌కి చిటికెడు కరెంటు చాలు, నాలుగు పోగులున్నా మోగుతుంది. సెల్ఫ్ మోటార్‌కి వంద ఆంపియర్లకు పైనే కావాలి. 150 ఆంపియర్లు పారేచోట 0.02 ఓములు అడ్డొస్తే 3 వోల్టులు అక్కడే పోతాయి. ఇక జంప్ సంగతి: ఎదురింటాయన పద్ధతి ప్రకారం నల్ల క్లిప్పు బ్యాటరీకి కాకుండా ఇంజన్ ఇనుముకి పెట్టారు. కరెంటు చెడిన వైరుని తప్పించుకుని కేబుల్లోంచి పోయింది. అందుకే అందుకుంది. అది చూసి బ్యాటరీ అనుకోవడం మెకానిక్ ఒక్కడి తప్పు కాదు. అతనికి "బ్యాటరీ పోయింది, మార్చండి" అని ఫోన్‌లో చెప్పింది కూడా నేనే.

అయినా "అంతే" అనకూడదు. ఆ మాట మీద మాత్రం కోపం పోలేదు.

కొత్త వైరు తెచ్చి, రింగు కూర్చునే చోట ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది బిగించాను. ఒక్క తిప్పుకే అందుకుంది. ఈయన "అబ్బో" అన్నారు.

ఐడ్లింగ్ మాత్రం ఇంకా ఊగుతోంది. బానెట్ ఎత్తి వింటే సన్నగా స్‌స్‌ మని ఈల. బ్రేకు తొక్కడం తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌కి ఇంజన్ నుంచి వెళ్ళే వ్యాక్యూమ్ పైపు వంపు దగ్గర రబ్బరు గట్టిపడి పగిలింది. వేలితో మూస్తే ఇంజన్ కుదురుకుంది, వేలు తీస్తే మళ్ళీ ఊగింది. నాలుగుసార్లు మూసి తీసి చూశాను. ఆ పైపు మారేదాకా బండి కదపను. బ్రేకుతో ఆటలా?

పైపు కోసం రేపు ఆ మెకానిక్ దగ్గరికే నడిచి వెళ్ళాలి. పాత ఎర్త్ వైరు సంచిలో వేసుకున్నాను. చూపించడానికే, నిలదీయడానికి కాదు. ఇప్పటికైతే అలాగే అనుకుంటున్నాను.