2008లో నువ్వు ఇక్కడ లేవు

2014 ఎండాకాలంలో ఆఫీసు వాళ్ళతో కలిసి ఫిలడెల్ఫియాలో అక్కడి బేస్‌బాల్ జట్టు ఫిల్లీస్ ఆట చూడటానికి వెళ్ళాను. ఆ జట్టు బ్యాటర్ రయన్ హోవర్డ్ మళ్ళీ బంతి అందక అవుటై వెనక్కి వస్తుంటే స్టేడియమంతా 'బూ' అంది. నేనూ అన్నాను. పక్కనే కూర్చున్న మా మేనేజరు, అరవైకి దగ్గరపడ్డ మనిషి, నా వైపు తిరిగి మెల్లగా అన్నారు. "2008లో నువ్వు ఇక్కడ లేవు. నీకు ఆ హక్కు లేదు."

తల కొట్టేసినట్టయింది. అంతమంది అరుస్తుంటే నన్నొక్కణ్ణే ఎందుకన్నారని ఇంటికొచ్చాక కూడా ఉడుక్కున్నాను. పెద్దవాళ్ళను గౌరవించడం ఒకరు నాకు నేర్పాలా?

నా కోపం హోవర్డ్ మీద కాదు, యాజమాన్యం వేసిన లెక్క మీద. 2006లో 58 హోమ్ రన్లు (క్రికెట్లో సిక్సర్ లాంటివి) కొట్టినవాడు, 2008లో కప్పు తెచ్చిన జట్టుకు ఆయువుపట్టు. పాత ఒప్పందం ఇంకా నడుస్తుండగానే, 2010 ఏప్రిల్‌లో, 2012 నుంచి ఐదేళ్ళకు 12.5 కోట్ల డాలర్లు రాసిచ్చేశారు. అంటే అతనికి ముప్ఫై రెండేళ్ళు వచ్చాక మొదలయ్యే డబ్బు. 2011లో జట్టు 102 ఆటలు గెలిచింది. ఆ అక్టోబరులో, నాకౌట్ దశలో, సెయింట్ లూయిస్ జట్టు చేతిలో 1-0తో ఓడి ఇంటిముఖం పట్టిన ఆటలో చివరి అవుట్ హోవర్డ్‌దే. పరుగెత్తబోయి, మడమ వెనక ఉండే అకిలీస్ స్నాయువు తెగి కూలిపోయాడు. కొత్త ఒప్పందం అప్పటికింకా మొదలే కాలేదు.

బేస్‌బాల్‌లో రాసిచ్చిన డబ్బు ఆడినా ఆడకపోయినా ఇవ్వాల్సిందే. పదేళ్ళు ఆడి, అందులో చివరి ఐదేళ్ళు ఒకే జట్టులో ఉన్నవాణ్ణి అతను ఒప్పుకుంటే తప్ప వేరే జట్టుకు పంపలేరు. జట్టులో మిగతా పెద్ద ఆటగాళ్ళు అట్లీ మోకాళ్ళు, హాలడే భుజం కూడా మొరాయించాయి. 2012లో 81 గెలుపులు, 81 ఓటములు. 2015కి 99 ఓటములు.

చెన్నై జట్టు 2018లో ముప్ఫై దాటినవాళ్ళతోనే గెలవలేదా అని తర్వాతెప్పుడో ఒక స్నేహితుడు వాదించాడు. నిజమే. ఫైనల్లో వాట్సన్ 117 నాటౌట్‌తో మన హైదరాబాదును కొట్టిన రాత్రి నేనూ మరిచిపోలేదు. కానీ అది ఇరవై ఓవర్ల ఆట, రెండు నెలల్లో ముగిసే టోర్నమెంటు. ఇక్కడ ఆరు నెలల్లో 162 ఆటలు. ఆ తేడా మోకాలికి తెలుస్తుంది.

మా తాతయ్య రైస్‌మిల్లులో పెద్ద గుమాస్తాకు చూపు మందగించినా పద్దుల పుస్తకం ఆయన దగ్గరే ఉండేది. ఎవరూ లాక్కోలేదు. కాకపోతే పక్కన ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టారు. ఫిల్లీస్ చేయనిది అదే. హాలడే, ఆస్వాల్ట్, పెన్స్ లాంటి పేరున్నవాళ్ళ కోసం చేతికందిరాబోతున్న కుర్రాళ్ళను వేరే జట్లకు ఇచ్చేసుకున్నారు. పెద్దవాళ్ళు పడిపోయేసరికి వెనక నిలబడేవాళ్ళు లేరు. తప్పు సంతకాలు పెట్టినవాళ్ళది, అరుపులు పడింది మాత్రం తెగిన కాలితో తిరిగొచ్చి ఆడినవాడికి. అందులో ఒక అరుపు నాది. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

2016 అక్టోబరులో ఆ జట్టు తరఫున హోవర్డ్ చివరి ఆట. మా మేనేజరు రెండు టికెట్లు కొని, రమ్మని ఫోన్ చేశారు. అతను మైదానం వదిలి వస్తుంటే జనమంతా లేచి నిలబడ్డారు. చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను. ఈసారి ఆయన నన్నేమీ అనలేదు.