ముంగో అనే పేరు వెనక

స్కాట్లాండ్‌లో మగపిల్లలకి ముంగో అని పేరు పెట్టేవాళ్ళు ఇప్పుడు తక్కువే. నాకైతే అంత ముద్దొచ్చే పేరు అక్కడ ఇంకోటి కనపడదు. అసలది ఆరో శతాబ్దపు సాధువు కెంటిగెర్న్‌కి ముద్దుపేరు, మనం 'నా బంగారం' అన్నట్టు. కల్‌రాస్ అనే స్కాటిష్ ఊళ్ళో ఆయన్ని పెంచిన గురువు సెర్ఫ్ అలా పిలిచేవాడని 12వ శతాబ్దంలో ఫర్నెస్ మఠానికి చెందిన జోసెలిన్ రాశాడు. కెంటిగెర్న్ సమాధి గ్లాస్గో కెథెడ్రల్ (పెద్ద చర్చి) కింది అంతస్తులో ఉంది. ఆయన తల్లి తెనూ పేరు జనం నోట్లో నలిగి నలిగి 'సెయింట్ ఎనోక్' అయింది; ఇవాళ అదే పేరుతో గ్లాస్గోలో సబ్‌వే స్టేషన్ ఉంది!

స్కాట్లాండ్ పాత రికార్డుల్లో పూర్వీకుల కోసం వెతికేవాళ్ళు ఒక్క ముంగో అనే చూసి వదిలేయకండి. లాటిన్ పత్రాల్లో అదే పేరు 'కెంటిగెర్నస్' అని ఉండొచ్చు. 1771లో సెల్కిర్క్ దగ్గర పుట్టిన అన్వేషకుడు ముంగో పార్క్, 1796లో ఆఫ్రికాలోని నైజర్ నది చేరి, ఆ పేరుని స్కాట్లాండ్ దాటించాడు.