గడప నుంచి వంతెన దాకా

బోస్టన్‌కు పడమరగా, కారులో ముప్పావుగంట దూరంలో ఉంటుంది మా అమ్మాయి వాళ్ళ ఊరు. మేము వెళ్ళింది ఏప్రిల్ చివరి వారంలో. మన దగ్గర ఆవకాయకు కాయలు చూసుకునే రోజులవి. అక్కడ మాత్రం పొద్దున్నే బయటికి వస్తే నోటి నుంచి ఆవిరి వస్తోంది. ఆదివారం ఎక్కడికి వెళ్దామని అల్లుడు అడిగితే, కాంకర్డ్ చూడాలని ఉందన్నాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం లెక్సింగ్టన్, కాంకర్డ్‌లలో మొదలైందని ఏటా నల్లబల్ల మీద రాసి, పక్కన 1775 వేసి, తరువాతి పాఠంలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ ఒక్క వాక్యాన్ని కళ్ళారా చూడాలన్న కోరిక చాలాకాలంగా ఉంది.

ముందుగా లెక్సింగ్టన్ వచ్చింది. ఊరి మధ్య మూడు మూలల పచ్చిక మైదానం. ఏప్రిల్ 19 తెల్లవారుజామున కెప్టెన్ జాన్ పార్కర్ వెంట ఇక్కడ నిలబడిన ఊరివాళ్ళు ఎనభై మందికి లోపే. ఎదురుగా వచ్చింది సుమారు 700 మంది ఆంగ్ల సైన్యంలో ముందు నడిచిన దళం. తొలి తూటా ఎవరిదో ఈనాటికీ తేలలేదు. ఊరివాళ్ళు ఎనిమిది మంది చనిపోయారు. మైదానం అంచున జోనథన్ హారింగ్టన్ ఇల్లు ఇంకా ఉంది. గాయపడిన అతను పాక్కుంటూ తన ఇంటి గడప దాకా వచ్చి, భార్య కళ్ళముందే ప్రాణం విడిచాడని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. మైదానం నడుమ నుంచి ఆ వాకిలి ఎంత దగ్గరో చూశాక నాకు మాట రాలేదు. పిలిస్తే పలికేంత దూరం.

కాంకర్డ్ దారిలో మనవరాలు అడిగింది: “తాతయ్యా, అసలు గొడవ దేనికి?” తేయాకుతో మొదలుపెట్టాను. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో అక్కడి జనం నీళ్ళపాలు చేసిన 342 పెట్టెల తేయాకు ఈస్టిండియా కంపెనీది. అదే కంపెనీ అంతకు ఏడేళ్ళ ముందు, 1766లో, నిజాముతో ఒప్పందం చేసుకుని మా గోదావరి ప్రాంతంతో సహా ఉత్తర సర్కారులను చేజిక్కించుకుంది. బడిలో ఈ రెండూ వేరువేరు పాఠాలు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చెప్పాలని నాకు ఎన్నడూ తోచలేదు, ఆ వెలితి నాదే. తేయాకు గొడవకు శిక్షగా ఆంగ్ల పార్లమెంటు బోస్టన్ రేవును మూసేసింది, మసాచుసెట్స్ ప్రజల స్వపరిపాలనను కత్తిరించింది. జనం ఆయుధాలు, మందుగుండు కూడబెట్టి కాంకర్డ్‌లో దాచుకున్నారు. వాటిని నాశనం చేయడానికే బోస్టన్‌లోని ఆంగ్ల సేనాధిపతి జనరల్ గేజ్ ఆ రాత్రి సైన్యాన్ని పంపాడు.

కాంకర్డ్‌లో పోరు జరిగిన నార్త్ బ్రిడ్జ్ దగ్గర కారు ఆపి చెట్ల మధ్య నుంచి నడిచాం. వంతెన అంటే రాతి కట్టడం ఊహించుకున్నాను. ఇది చిన్న కొయ్య వంతెన, నడుము కాస్త పైకి వంగి ఉంటుంది. అడుగు వేస్తే పలకలు చప్పుడు చేస్తాయి. కింద నది చప్పుడే లేకుండా, నిండుగా, గట్టు గడ్డిని ముంచుతూ పోతోంది. అసలు వంతెనను 1793లోనే తీసేశారు, ఇది అదే చోట తిరిగి కట్టినది. వంతెన లేని కాలంలో, 1836లో, స్మారక స్తంభం కట్టాలనుకున్నారు. ఆవలి గట్టుకు దారి లేక ఆంగ్ల సైనికులు నిలబడిన ఒడ్డునే కట్టారు. తమవాళ్ళు నేలకొరిగిన ఒడ్డున విగ్రహం వెలిసింది 1875లో, మళ్ళీ వంతెన వేశాకే.

డానియల్ చెస్టర్ ఫ్రెంచ్ మలిచిన ఆ విగ్రహం దగ్గర చాలాసేపు ఉండిపోయాను. పొడుగు చేతుల చొక్కా మోచేతుల దాకా మడిచిన యువ రైతు. కుడిచేతిలో తుపాకీ. ఎడమచేయి మాత్రం ఇంకా నాగలి మేడిని వదల్లేదు. విప్పిన కోటు నాగలి మీదే పడేసి ఉంది. మా నాన్నగారు దున్నేటప్పుడు పైపంచె తీసి గట్టున ఉన్న తుమ్మచెట్టుకు వేసేవారు. మళ్ళీ వచ్చి తీసుకునే బట్టను అలాగే పెడతారు. దూరం నుంచి తుపాకీయే కనిపిస్తుంది, దగ్గరికి వెళితే ఆ కోటు మీద నుంచి చూపు మళ్ళదు.

ఆ ఉదయం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సుమారు నాలుగు వందల మంది ఇటువైపు దిబ్బ మీద గుమిగూడారు. ఊళ్ళో పొగ లేచింది. సైనికులు తగలబెట్టింది ఫిరంగి బండ్లను, కానీ ఇళ్ళే కాలిపోతున్నాయని వీళ్ళు అనుకున్నారు. ఊరు తగలబడుతుంటే చూస్తూ ఊరుకుంటామా అని వాళ్ళలో ఒకడైన జోసెఫ్ హోస్మర్ అడిగాడు. పక్క ఊరు ఆక్టన్ దళాన్ని ముందు నడిపించారు. దాని కెప్టెన్ ఐజాక్ డేవిస్, ముప్పై ఏళ్ళవాడు, తుపాకులు చేసే పనివాడు. తన మనుషులందరికీ తుపాకీ కొసన బిగించే బాకులు సమకూర్చింది అతనే, అందుకే ముందు వరుస వాళ్ళదైంది. వెళ్ళడానికి భయపడేవాడు నా దగ్గర ఒక్కడూ లేడని అన్నాడట. ఆంగ్లేయుల తొలి కాల్పుల్లో అతను, అతని దళంలోని అబ్నర్ హోస్మర్ అక్కడికక్కడే కూలిపోయారు. అప్పుడు వాళ్ళను నడిపిస్తున్న మేజర్ బట్రిక్ కాల్చండని అరిచాడు. అంతా రెండు మూడు నిమిషాల్లో ముగిసింది, ఎర్రకోట్ల ఆంగ్ల సైనికులు వెనుదిరిగారు. బోస్టన్ చేరేలోపు దారిపొడుగునా గోడల చాటు నుంచి, చెట్ల చాటు నుంచి తూటాలే. సాయంత్రానికి వాళ్ళలో 73 మంది, ఊళ్ళవాళ్ళలో 49 మంది పోయారు.

తిరిగి వంతెన దాటుతూ రాతిగోడ పక్కన ఆగాం. ఇద్దరు ఆంగ్ల సైనికుల సమాధి అది. ఎవరో చిన్న బ్రిటిష్ జెండాలు గుచ్చి వెళ్ళారు. మూడువేల మైళ్ళు దాటి వచ్చి చనిపోయారని రాతి మీద చెక్కి ఉంది, పేర్లు లేవు. ఆ ఇద్దరిలో ఒకడు గాయపడి పడి ఉండగా, అటుగా వచ్చిన ఆ ఊరి కుర్రవాడొకడు గొడ్డలితో తల మీద కొట్టాడు. ఆ సంగతి దాచిపెట్టి వంతెన గొప్పతనం మాత్రమే చెప్పడం నాకు న్యాయమనిపించలేదు, మనవరాలికి చెప్పాను. “వాళ్ళ అమ్మలకు ఎవరు చెప్పారు తాతయ్యా?” అంది. ఎర్రకోటు అంటే మాకు దొర. ఈ యుద్ధంలోనే 1781లో యార్క్‌టౌన్ దగ్గర లొంగిపోయిన కార్న్‌వాలిస్, అయిదేళ్ళకు మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చి, బెంగాల్లో శాశ్వత శిస్తు విధానం పెట్టాడు. 1802 నుంచి అది మా సర్కారు జిల్లాలకూ వచ్చింది. మా తాతల కాలం దాకా జమీందారుకు కట్టిన శిస్తు ఆ వేరుకు పుట్టిన కొమ్మే. అయినా ఆ రాయి ముందు కోపం రాలేదు. జీతానికి వచ్చిన పిల్లవాళ్ళు. వాళ్ళ గడప సముద్రం అవతల ఉంది.

చివరగా ఆక్టన్ వెళ్ళాం. అక్కడి గ్రంథాలయంలో, ఆ పోరులో చనిపోయిన ఆ ఊరి జేమ్స్ హేవర్డ్ తుపాకీమందు పోసుకునే కొమ్ము ఉంది. చిన్నప్పుడు గొడ్డలి దెబ్బకు కాలివేళ్ళు పోగొట్టుకున్నవాడు, పోరుకు రాకపోయినా అడిగేవారు లేరు. ఒక బావి దగ్గర అతనూ, ఒక సైనికుడూ ఒకేసారి కాల్చుకున్నారు. తూటా అతని నడుముకున్న కొమ్మును చీల్చుకుంటూ వెళ్ళింది. అద్దం వెనక, ఎండిన గేదెకొమ్ములా ముదురు రంగులో ఉన్న ఆ కొమ్ముకు తూటా రంధ్రం ఇప్పటికీ ఉంది.

ఊరి మధ్య 1851లో కట్టిన ఎత్తైన రాతి స్తంభం కింద డేవిస్, అబ్నర్ హోస్మర్, హేవర్డ్ ముగ్గురి అస్థికలూ ఉన్నాయి. చలిగాలి పెరగడంతో మిగతావాళ్ళు కారెక్కారు, నేను ఇంకాసేపు అక్కడే ఉన్నాను. డేవిస్ భార్య హన్నా ముసలితనంలో, 1835లో, ఆ ఉదయం గురించి చెప్పి రాయించింది. ఇంట్లో నలుగురు పిల్లలు, అందరికీ ఒంట్లో బాగాలేదు. భర్త ఆ పొద్దున పెద్దగా మాట్లాడలేదు. దళంతో బయలుదేరబోతూ వెనక్కి తిరిగి, ఏదో చెప్పాలన్నట్టు ఆగి, పిల్లలను జాగ్రత్తగా చూసుకోమని మాత్రం అన్నాడు. మధ్యాహ్నం అతని శవాన్ని ఆ ఇంటికే తీసుకొచ్చి, ఆమె పడకగదిలో ఉంచారు. హోస్మర్‌నూ, హేవర్డ్‌నూ కూడా అక్కడికే చేర్చారు. ముగ్గురి అంతిమయాత్రా ఆ గడప నుంచే సాగింది.