వరండా దీపం కింద పాతాళ నది

నిన్న రాత్రి పర్లాకిమిడిలో, మా ఇంటి వరండా దీపం కింద వాలిన పెద్ద చిమ్మటను చీపురు పుల్లతో కదిపితే, అది ఎలుకపిల్లలా కీచుమన్నది. తొండం గుండా గాలిని తోసి అరిచే ఆ కీటకపు వీపు మీద పుర్రెను పోలిన మచ్చ ఉంటుంది. అందుకే కాబోలు, దాని ప్రజాతికి గ్రీకుల పాతాళ నది అకెరాన్ పేరు మీదుగా అకెరాంషియా అని పేరు పెట్టారు. అందులో ఉన్నవి మూడే జాతులు. వాటిలో ఒకదాని పేరు స్టిక్స్, అదీ మరో పాతాళ నదే. తక్కిన రెండూ విధిదేవతల పేర్లు: ఆయుష్షు దారాన్ని కొలిచే లాకెసిస్, దానిని తెంచే అట్రోపస్. ఈ చివరి పేరు 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పెట్టినది. దారం వడికే క్లోతో మాత్రం థెరెట్రా అనే వేరే ప్రజాతిలోని చిమ్మటకు దక్కింది. పుర్రె పక్కన పుట్టుకకు చోటెందుకనుకున్నారేమో!

మన వైతరణి పురాణంలోనూ ఉన్నది, ఒడిశా పటంలోనూ పారుతున్నది; అకెరాన్ కూడా గ్రీసు వాయవ్య భాగంలో నిజంగా పారే నదే. మా నాయనమ్మ "దెయ్యప్పురుగురా, తోలెయ్యి" అన్నది గాని, తేనెపట్టులో దూరి తేనె తాగడం, గొంగళిపురుగుగా ఉన్నప్పుడు నువ్వు చేలో ఆకు తినడం తప్ప దాని నేరమేమీ లేదు. దీపం ఆర్పేశాను. తెల్లవారేసరికి అది వెళ్ళిపోయింది.